సిట్టింగు ముగిసినా స్నేహం మిగలాలి



సంఘంలో యౌవనస్థులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, స్నేహితులతో కలిసి ఎప్పుడో ఒకసారి తాగితే తప్పా?" దీనికి మేము జవాబు చెబుతూనే ఉన్నాము, మీరు వింటూనే ఉన్నారు. అయితే ఆ కుర్రవాడికి నలభై అయిదేళ్లు వచ్చేసరికి అతని మనసులో వేరొక ప్రశ్న పుడుతుంది. దాన్ని అతడు పాస్టరును అడగడు, భార్యతో అనడు. "వాళ్లందరూ మానేశారు కదా, నేనెందుకు మానలేకపోతున్నాను?" ఈ వారం ఈ రెండో ప్రశ్న గురించి మీతో మాట్లాడాలని ఉంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. యౌవనంలో మనిషి స్నేహితుల కోసం గ్లాసు పట్టుకుంటాడు. నడివయసుకు వచ్చేసరికి చాలామంది గ్లాసు దించేస్తారు. ఒకరిద్దరికి మాత్రం గ్లాసు మిగిలి స్నేహితులు పోతారు. దించేసినవాళ్లు "మేము బయటపడ్డాము, దేవునికి స్తోత్రం" అని అక్కడితో ఆగిపోకూడదు. మిగిలిపోయినవాడిని మోయవలసిన భారం ముందుగా వాళ్లదే. ఆ తరువాత సంఘానిది.

తల్లులు పోరాడారు, కొడుకులు పట్నం వెళ్లారు

మా తోటివారు చాలామంది 1990ల చివర చదువుకోవడానికి హైదరాబాదు వెళ్లారు. హిమాయత్‌నగర్ అప్పటికే పల్లె పిల్లలకు బాగా తెలిసిన పేరు. లిబర్టీ చౌరస్తా నుండి నారాయణగూడ దాకా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మేడ మీద అద్దె గదులు. అయిదుగురు కలిసి ఒక గది తీసుకునేవారు. బియ్యం ఇంటి నుండి, పచ్చడి ఇంటి నుండి, ఫీజు నాన్న చేసిన అప్పు నుండి. నారాయణగూడ బాప్టిస్టు చర్చి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. వైన్స్ షాపు కూడా అంతే దూరంలో ఉంది.

ఆ పిల్లల తల్లులు ఏ కాలపు స్త్రీలో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు రాత్రి బడుల్లో సీతమ్మ కథ అనే పాఠం చదివారు. తాగుబోతు భర్త వల్ల ఒక ఇల్లు ఎలా కూలిపోయిందో చెప్పే పాఠం అది. చదివిన స్త్రీలు చదివి ఊరుకోలేదు. దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. 1992 నాటికి ఆ నిప్పు జిల్లాలన్నింటికీ పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకొని సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993లో ప్రభుత్వం రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది పోయింది. సారా మీద నిషేధం మాత్రం నిలిచింది. అంటే కూలివాడి సీసా పోయి, లేబుల్ అతికించిన సీసా తిరిగి వచ్చింది.

మా తోటివారు పట్నంలో దిగింది సరిగ్గా ఆ సమయంలోనే. తల్లి పల్లెలో సారా దుకాణం మూయించింది. కొడుకు హిమాయత్‌నగర్ గదిలో మొదటి బీరు తెరిచాడు. సారా తాగేవాడు తాగుబోతు, బీరు తాగేవాడు చదువుకున్నవాడు అన్న లెక్క ఆ గదుల్లోనే వారి తలకెక్కింది. ఆ లెక్క చాలామంది తలల్లో ఇంకా అలాగే ఉంది.

ఇరవై, ముప్పై, నలభై

ఇరవై ఏళ్లప్పటి తాగుడు ఎలా ఉంటుంది? నెలాఖరున తలా ఇరవై రూపాయలు వేసుకుంటారు. అయిదుగురికి రెండు బీర్లు. మందు కంటే మిక్చరు ఎక్కువ, మిక్చరు కంటే మాటలు ఎక్కువ. పరీక్ష పోయినవాడిని ఓదార్చడానికి ఒక సిట్టింగు, ఉద్యోగం వచ్చినవాడిని అభినందించడానికి ఒక సిట్టింగు. అక్కడ అసలు ఆకలి స్నేహానిది. ఇల్లు విడిచి వచ్చిన పిల్లవాడికి "నువ్వు మావాడివిరా" అనే మాట కావాలి. ఆ మాట గ్లాసుతో పాటు వచ్చింది గనుక గ్లాసే ఆ మాట చెప్పిందని నమ్మేశాడు. మద్యం చేసే మొదటి మోసం అదే అని మా నమ్మకం. స్నేహితులు ఇచ్చిన సంతోషాన్ని తన ఖాతాలో రాసుకుంటుంది.

ముప్పైలో జీతం వస్తుంది, పెళ్లి అవుతుంది. తలా ఇరవై వేసుకునే రోజులు పోయి, ఒక్కడే ఫుల్ బాటిల్ కొనగలిగే రోజులు వస్తాయి. సిట్టింగు గదిలో నుండి బారులోకి మారుతుంది. ఆఫీసులో పై అధికారి ఇచ్చే పార్టీ, బావమరిది పెళ్లి, కొత్త కారు, అన్నింటికీ మందే. పల్లెకు పండుగకు వచ్చినప్పుడు తమ్ముళ్ల ముందు హోదా చూపించడానికి కూడా అదే. ఈ వయసులో ఎవరూ మానరు. ఎక్కడ తాగాలి, ఏ బ్రాండు తాగాలి, భార్యకు ఏమని చెప్పాలి అన్నవి మాత్రమే మారుతాయి.

నలభై దాటాక అసలు మార్పు మొదలవుతుంది. మా తోటి అయిదుగురిలో ఒకరికి షుగరు వచ్చింది, డాక్టరు గట్టిగా చెప్పారు, మానేశారు. ఒకరు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో పట్టుబడ్డారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ముప్పై మిల్లీగ్రాములు దాటితే నేరమని చట్టం. కోర్టు మెట్లు ఎక్కిన సిగ్గుతో మానేశారు. ఒకరి కూతురు పదో తరగతికి వచ్చింది. "నాన్నా, నీ దగ్గర వాసన వస్తోంది" అని ఆ పిల్ల అన్న మాటకు మానేశారు. ఒకరు మారుమనస్సు పొంది మానేశారు. నలుగురూ నాలుగు దారుల్లో బయటికి వచ్చారు. దేవుడు షుగరును కూడా వాడుకుంటాడు, పోలీసును కూడా వాడుకుంటాడు, పిల్ల నోటి మాటను కూడా వాడుకుంటాడు.

ఇప్పుడు వాళ్లు ఎప్పుడైనా హైదరాబాదులో కలిస్తే హిమాయత్‌నగర్‌లోనే మినర్వా కాఫీ షాపులో కూర్చుంటారు. ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ, పిల్లల ర్యాంకులు, మోకాళ్ల నొప్పులు. బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని గొడవ. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కుర్చీలు నాలుగే.

అయిదో మనిషి రాడు. పిలిస్తే "పని ఉందిరా" అంటాడు. కొన్నాళ్లకు వాళ్లు పిలవడం మానేస్తారు. వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ పెడతాడు, అంతే. అతడు సాయంత్రం ఏడు గంటలకు షాపుకు వెళ్లి, క్వార్టర్ కొని, ఇంటికి తెచ్చుకొని, టీవీ ముందు ఒంటరిగా కూర్చుంటాడు. ఒకప్పుడు అయిదుగురు పంచుకున్న దాని కంటే ఇప్పుడు అతడు ఒక్కడే తాగేది ఎక్కువ. పేరు మాత్రం ఇంకా "సోషల్ డ్రింకింగే". సోషల్ ఎక్కడుంది? గదిలో మనుషులే లేరు కదా!

శరీరం లెక్క మారుతుంది, చట్టం లెక్క మారదు

"ఇరవై ఏళ్లుగా తాగుతున్నాను, అదే రెండు పెగ్గులు, నాకేమీ కాలేదు" అనే మాట మీరూ విని ఉంటారు. పెగ్గులు అవే కావచ్చు, శరీరం అదే కాదు. వయసు పెరిగే కొద్దీ మన శరీరంలో నీటి శాతం తగ్గుతుంది, కండ తగ్గుతుంది. అందువల్ల అంతే మద్యం తాగినా రక్తంలో దాని గాఢత ఎక్కువవుతుంది. దాన్ని విరిచి బయటికి పంపే కాలేయం పని కూడా నెమ్మదిస్తుంది. దానికి తోడు బీపీ మాత్ర, షుగరు మాత్ర, నిద్ర మాత్ర. షుగరుకు వాడే కొన్ని మాత్రలతో మద్యం కలిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. నిద్ర మాత్రతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ఇరవైలో తూలినవాడు నవ్వుకుంటూ లేస్తాడు. అరవైలో తూలితే తుంటి ఎముక విరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఇంత వరకు తాగితే ఆరోగ్యానికి హాని లేదు అని చెప్పగలిగిన మోతాదు ఏదీ లేదు. క్యాన్సరు కలిగిస్తాయని రుజువైన పదార్థాల మొదటి వరుసలో, పొగాకుతో పాటు, మద్యం 1988 నుండే ఉంది. "కొంచెం తాగితే గుండెకు మంచిది" అని మాకు చెప్పేవారికి మేము ఇదే చెబుతున్నాము.

ఇది పట్నం వారి సంగతి, మనకెందుకు అని పల్లెలో ఉన్నవారు అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద నూటికి 19 మంది ఉంటే, తెలంగాణలో 43 మంది. అందులోనూ పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. వయసుల వారీగా చూస్తే కుర్రవాళ్ల కంటే నలభైల్లో ఉన్నవారిలో తాగేవారు ఎక్కువ. చెడిపోతున్నారని మనం యౌవనస్థుల కూడికలు పెడుతున్నాము. మంచిదే. కానీ వారి తండ్రుల కోసం ఏమి పెట్టాము?

చట్టం సంగతీ అలాగే ఉంది. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాడికి మద్యం అమ్మకూడదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నియమం ఉంది. ఇరవై ఒకటి దాటినవాడి గురించి, ఏభై ఏళ్లు వచ్చి ఒంటరిగా తాగేవాడి గురించి ఆ నియమానికి దిగులు లేదు. హిమాయత్‌నగర్‌కు దగ్గరలోనే నాంపల్లిలో ఆబ్కారీ భవన్ ఉంది. ఆ శాఖ పేరులో నిషేధం అనే మాట, ఎక్సైజు అనే మాట పక్కపక్కనే ఉంటాయి. తెలంగాణ మొత్తం మీద మద్యం దుకాణాలకు 2,620 లైసెన్సులు ఇచ్చేది ఆ శాఖే. ఒకే బోర్డు మీద రెండు మాటలు ఇమడవచ్చు గానీ, ఒక ఇంట్లో తాగుడు, నెమ్మది రెండూ ఇమడవు. ప్రభుత్వం వచ్చి మన స్నేహితుడిని ఆపుతుందని ఎదురు చూడనక్కరలేదు.

మంచానికి నాలుగు మూలలు

ఇప్పుడు వాక్యంలోకి రండి. మద్యం మాట వస్తే కొందరు వెంటనే కానా ఊరి పెండ్లికి పరుగెత్తుతారు. ప్రభువే నీళ్లను ద్రాక్షారసం చేశాడు కదా అని. తిమోతి కడుపు నొప్పిని కూడా తీసుకొస్తారు. వాదించడానికి మాకు ఓపిక ఉంది గానీ, ఈ రోజు ఒక్కటే అడుగుతాము. కానాలో ఊరంతా కూడి ఉంది, ఒక పెండ్లి ఇంటి మర్యాద నిలిచింది. మీ రాత్రి క్వార్టరు ఏ పెండ్లి ఇంటి మర్యాద నిలుపుతోంది? సామెతలు 23వ అధ్యాయం చివర తాగినవాడి స్థితి వర్ణించబడింది. కళ్లు ఎర్రబడినవాడు, కారణం లేకుండా గాయపడినవాడు, దెబ్బ తగిలినా తెలియనివాడు, తెల్లవారగానే మళ్లీ అదే వెదికేవాడు. ఆ భాగం మళ్లీ చదవండి. అతని పక్కన స్నేహితుడు ఒక్కడూ కనబడడు.

సువార్తల్లో ఇద్దరు రోగులను పక్కపక్కన పెట్టి చూడండి. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాడిని నలుగురు మోసుకొని వచ్చారు. గుమ్మం దగ్గర జనం అడ్డుగా ఉంటే కప్పు విప్పి దించారు. ప్రభువు ఆ మోసినవారి విశ్వాసాన్ని చూశాడని అక్కడ రాసి ఉంది. యోహాను 5వ అధ్యాయంలో బేతెస్ద కోనేటి దగ్గర మరొకడు ముప్పై ఎనిమిది ఏళ్లుగా పడి ఉన్నాడు. అతని మొర ఏమిటంటే, నన్ను కోనేటిలో దించడానికి మనిషి లేడని. ఒకడికి నలుగురు ఉన్నారు, ఇంకొకడికి ఒక్కడూ లేడు. ప్రభువు ఇద్దరినీ లేపాడు, ఆయనకు స్తోత్రం. కానీ మనిషి లేనివాడు ముప్పై ఎనిమిది ఏళ్లు పడి ఉన్నాడని మరచిపోవద్దు.

కాఫీ షాపులో కూర్చున్న నలుగురికి మేము చెప్పేది ఇదే. మంచానికి నాలుగు మూలలు ఉంటాయి, మీరూ నలుగురే ఉన్నారు.

"చెడ్డ సాంగత్యం వద్దని వాక్యమే చెబుతోంది కదా అయ్యగారూ" అని భక్తిగల సహోదరులు అంటారు. నిజమే. ఈ మధ్యే మానేసినవాడు గ్లాసుల మధ్యకు తిరిగి వెళ్లకూడదు. తన కాళ్లు ఇంకా నిలబడలేదని తెలిసినవాడు దూరంగా ఉండి ప్రార్థన చేయాలి. అయితే ఆ మనిషి గ్లాసు దగ్గర కూర్చోవడం వేరు, ఆ మనిషి దగ్గర కూర్చోవడం వేరు. రాత్రి ఎనిమిదికి వెళ్లవద్దు, ఉదయం ఏడుకు వెళ్లండి. ఉదయం అతడు మీ పాత స్నేహితుడే.

కొన్ని పనికివచ్చే మాటలు

ఎగతాళి మానండి. "ఏరా, పెళ్లానికి భయపడి మానేశావా? ఒక్క పెగ్గు వేయరా, మగాడివి కాదా?" అనే మాట చాలామందిని తిరిగి గుంటలో పడేసింది. ఎదుటివాడు వద్దంటే ఒక్కసారే అడిగి వదిలేయడం నేర్చుకోండి. మీ ఇంట్లో శుభకార్యానికి మందు లేకుండా భోజనం పెట్టండి. ముక్క వేయండి, బిర్యానీ పెట్టండి, కడుపు నిండా తిన్నవాడు మిమ్మల్ని తిట్టడు.

రెండోది, ప్రాణానికి సంబంధించిన మాట, జాగ్రత్తగా చదవండి. ఎన్నో ఏళ్లుగా ప్రతిరోజూ ఎక్కువగా తాగేవాడిని "ఈ రాత్రి నుండే చుక్క ముట్టకు" అని ప్రమాణం చేయించి ఇంట్లో కూర్చోబెట్టకండి. అలాంటివారు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడడం జరగవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ప్రార్థన చేయండి, చేసి డాక్టరు దగ్గరకు తీసుకు వెళ్లండి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో దీనికి వైద్యం ఉంది. "పిచ్చాసుపత్రి" అని వెనుకాడవద్దు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను నంబరు 14446. ఇంట్లో ఆడవాళ్లు కూడా ఈ నంబరు రాసి పెట్టుకోండి.

మూడోది. 1935లో అమెరికాలో అక్రాన్ అనే ఊరిలో బిల్ విల్సన్ అనే తాగుడు మానిన వ్యాపారి, తనకు మళ్లీ తాగాలనిపించినప్పుడు, బాబ్ స్మిత్ అనే ఇంకొక తాగుబోతు డాక్టరును వెదికి వెళ్లి మాట్లాడాడు. ఆ మాటల నుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. ఇప్పుడది లోకమంతా ఉంది, మన హైదరాబాదులోనూ ఉంది. అందులో మేము గమనించినది ఏమిటంటే, పడి లేచినవాడి మాట పడి ఉన్నవాడికి వినబడుతుంది. పాస్టరు ప్రసంగం కంటే, పాత రూమ్మేటు "నేనూ నీలాగే ఉన్నానురా, రా పోదాం" అనే మాట బలమైనది. మేము పులపీట మీద నుండి చెప్పలేనిది మీరు అతని గుమ్మంలో నిలబడి చెప్పగలరు.

నాలుగోది, భార్యలకు. తాగే మనిషి ఫోనులో పాత స్నేహితుల పేర్లు కనబడితే "వీళ్ల వల్లే చెడిపోయాడు" అని కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. అయినా వారిలో మానేసినవాడు ఎవరో కనుక్కోండి. అన్నా అని పిలిచి సాయం అడగండి. ఒకప్పుడు ఊరి ఆడవాళ్లు దుకాణాన్నే మూయించారు. ఒక అన్నను ఇంటికి పిలవడం అంతకంటే కష్టం కాదు. ఒకవేళ అతడు కొడుతున్నాడంటే మాత్రం ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి. ఓర్చుకోవడం భక్తి అని ఎవరు చెప్పినా వినవద్దు.

సంఘానికి కూడా ఒక మాట. తాగి మానినవాడి సాక్ష్యానికి మనం చప్పట్లు కొడతాము. మానలేక వెనుక బెంచీలో కూర్చుని, ప్రభువు బల్ల రాకముందే లేచి వెళ్లిపోయేవాడిని ఎవరూ పలకరించరు. అతని నోటి వాసన మనకు తెలుసు. అతని పిల్లల పేర్లు మనకు తెలుసా?

హిమాయత్ అనే ఉర్దూ మాటకు అండ, ఆసరా అని అర్థం. మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లిన పేట పేరులోనే ఆ మాట ఉంది. ఆ గదిలో ఒకే చాప మీద పడుకున్నవారు ఈ రోజు నలభై అయిదు, ఏభై ఏళ్లవారు. మీకు కూడా ఏదో ఊరిలో అలాంటి గది ఒకటి ఉండే ఉంటుంది, అందులో అయిదో మనిషి ఒకరు ఉండే ఉంటారు. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టి ఊరుకోవద్దు. ఈ వారం ఒక ఉదయం ఫోను చేయండి. మందు మాట ఎత్తవద్దు. "టీ తాగుదాం, ఇంటికి వస్తున్నాను" అనండి. రావద్దంటే వచ్చే వారం మళ్లీ చేయండి.

మోసేవారి విశ్వాసాన్ని చూసే దేవుడు మీ చేతులకు బలం దయచేయును గాక. ఆమేన్.